వాడిన వస్తువుకు వన్నె తెచ్చిన గున్‌పే యొకోయి

2020 ఫిబ్రవరి 7వ తేదీన హైదరాబాదులో జూబ్లీ బస్ స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు మెట్రో రైలు మార్గం ప్రారంభమైనది. ఆ మార్గంలో చిక్కడపల్లి, నారాయణగూడ పక్కపక్క స్టేషన్లు. ఒకచోట ఎక్కి రెండవచోట దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ కాస్త వ్యవధిని సైతం ఊరక పోనీయక ప్రయాణికులు జేబులో నుండి ఫోను తీసి, బొటనవ్రేళ్ళతో ఏదో ఒక ఆట ఆడుకొంటూ ఉంటారు. రైలు కుదుపులో, ఒక చేతికి సంచి తగిలించుకొని, నిలుచున్నచోటనే ఆడదగిన ఆట ఈనాడు ఎవరికీ వింతగా తోచదు. అట్టి ఆట ఒకటి ఉండవచ్చునని తొలినాళ్ళలోనే ఊహించి, దానికి రూపం కల్పించినవారిలో అగ్రగణ్యుడు ఒక జపాను ఇంజనీరు. ఆ ఊహ ఆయనకు కలిగినది కూడ రైలులోనే. ఆయన పేరు గున్‌పే యొకోయి. 1997లో మరణించినాడు.

ఆయన జీవితాన్ని ఇప్పుడు స్మరించుకొనడానికి కారణం ఒకటి ఉన్నది. ఆయన కాలంలో పుట్టిన చేతి ఆటలను ఇటీవల మరల తయారుచేసి అమ్ముతున్నారు. కొన్ని పాత యంత్రం ఆకారాన్నే తిరిగి ధరించి వస్తున్నవి. కొన్ని పాత ఆటకే కొత్త బొమ్మలు, కొత్త సంగీతం తొడుక్కొని వస్తున్నవి. వేలకు వేలు వెల పలుకుతున్నవి. అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకొని పోటీపరీక్షలకు చదువుకొంటూ, పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గడిపే విద్యార్థికి అది ఒక నెల భోజన వ్యయంతో తూగే మొత్తం. ఊరినుండి తండ్రి పంపిన డబ్బును అట్టి వస్తువుమీద పెట్టవచ్చునా? తమ్ముడు అడిగితే కొనిపెట్టవచ్చునా? బడిలో పిల్లవాడు అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలె? దుకాణదారుని మాటలలో దీనికి జవాబు దొరకదు. మొదట ఆ వస్తువును చేసినవాడు దేనిని విలువగా ఎంచినాడో, దేనిని అనవసరమని తోసివేసినాడో తెలిసికొంటే జవాబు కొంతవరకు దానంతట అదే తేలుతుంది.

యొకోయి 1941 సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరంలో జన్మించినాడు. క్యోటో జపానుకు పూర్వపు రాజధాని. దేవాలయాలకు, చేతిపనులకు పేరుపొందిన పట్టణం. ఆ ఊరిలోని దోషిషా విశ్వవిద్యాలయంలోనే ఆయన ఎలక్ట్రానిక్స్ చదివినాడు. చదువులో మేటి అని పేరు తెచ్చుకొన్నవాడు కాడు. పెద్ద ఎలక్ట్రానిక్స్ సంస్థలకు దరఖాస్తులు పెట్టుకొంటే అవి ఆయనను తీసికొనలేదు. ఉద్యోగ ప్రకటనల కొరకు ఎదురుచూచే అశోక్‌నగర్ యువకులకు ఈ ఘట్టం వేరుగా వివరించనక్కరలేదు. తుదకు సొంత ఊరిలోనే ఉన్న నింటెండో అను పేకముక్కల కంపెనీలో 1965లో చేరినాడు.

1889లో ఫుసాజిరో యమౌచి స్థాపించిన ఆ సంస్థ అప్పటికి ఇంకా హనాఫూడా ముక్కలకే ప్రసిద్ధి. హనాఫూడా అనగా పూలముక్కలు. నెలకు నాలుగు చొప్పున పన్నెండు నెలలకు నలుబది ఎనిమిది ముక్కలు. ఒక్కొక్క నెలకు ఒక్కొక్క పువ్వో చెట్టో గుర్తు. ఆ ముక్కలను తయారుచేసే యంత్రాలు ఆగిపోకుండ చూచుకొనడమే ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడైన యొకోయికి అప్పగించిన పని. యంత్రం నడుస్తున్నంతసేపు చేయడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీ వేళలలో ఆయన కర్మాగారంలోని పనిముట్లతోనే ఆటబొమ్మలు చేసికొంటూ ఉండేవాడు.

ఒకనాడు సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కర్మాగారానికి వచ్చినాడు. స్థాపకునికి మునిమనుమడైన ఈయన ముక్కోపి అని పేరు. అప్పుడు యొకోయి చేతిలో ఒక వింత వస్తువున్నది. అడ్డదిడ్డంగా బిగించిన పట్టీలు పిడిని నొక్కితే చాచుకొని, దూరాన ఉన్న వస్తువును పట్టుకొని తెచ్చే చేయి అది. చిక్కడపల్లి బజారులో దుకాణాలకు అడ్డంగా లాగి మూసే ఇనుప జాలీ తలుపు ఏ సూత్రంమీద ముడుచుకొని విచ్చుకొంటుందో ఈ చేయియు ఆ సూత్రంమీదనే పనిచేస్తుంది. అధ్యక్షుడు తన గదికి రమ్మని కబురంపినాడు. చీవాట్లు తప్పవనుకొని యొకోయి వెళ్ళినాడు. దానిని అమ్మకానికి తగిన బొమ్మగా తయారుచేయమని ఆజ్ఞ అయినది. 1966లో అల్ట్రా హ్యాండ్ అను పేరుతో వెలువడిన ఆ చేయి పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. యంత్రాలు మరమ్మతు చేసే ఉద్యోగి నాటినుండి బొమ్మలు కనిపెట్టే ఉద్యోగి అయినాడు.

ఆ తరువాతి ఏండ్లలో ఆయన చేసిన వస్తువులు చాలానే ఉన్నవి. 1969లో వచ్చిన లవ్ టెస్టర్ వాటిలో ఒకటి. ఇద్దరు చేయి చేయి పట్టుకొని, రెండవ చేతులతో ఆ పరికరం కొసలను పట్టుకొంటే వారి ప్రేమ ఎంతటిదో ముల్లు చూపుతుంది. శరీరం గుండ ప్రవహించే స్వల్ప విద్యుత్తును కొలవడం తప్ప అందులో గారడీ ఏమీ లేదు. ఆనాటి జపానులో యువతీయువకులు చేతులు పట్టుకొనడానికి ఒక సాకు దొరకడమే అందులోని అసలు ఆకర్షణ. ఎండనుండి విద్యుత్తు పుట్టించడానికి ఏర్పడిన సౌరఘటాన్ని గురిచూచే లక్ష్యంగా మలచి, వెలుతురు తుపాకి బొమ్మను కూడ ఆయన చేసినాడు. ఆ సౌరఘటాలు షార్ప్ సంస్థవి. దీనినే పెద్దదిగా చేసి, ఆదరణ తగ్గిన బౌలింగ్ శాలలలో వినోదంగా నెలకొల్పవలెనని నింటెండో ఉవ్విళ్ళూరినది. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆర్డర్లు రద్దు కాగా సంస్థ అప్పుల పాలైనది. పెద్ద ఖర్చుతో పెద్ద వినోదం అను మార్గం ఎంత ప్రమాదమో యొకోయి కండ్లారా చూచినాడు.

ఈ అనుభవాలలో నుండే ఆయన పని సూత్రం రూపొందినది. నిన్న మొన్న కనిపెట్టిన సాంకేతికతకు వెల ఎక్కువ, నిలకడ తక్కువ. అందరి చేతులలో నలిగి, లోటుపాట్లు తెలిసిపోయి, చవకపడిన దానిని తీసికొని ఎవ్వరూ అనుకొనని పనికి మళ్ళించడమే ఆయన మార్గం. తెలుగులో వాడిన అను మాటకు రెండర్థాలున్నవి. పువ్వు వాడినదనవచ్చు, వస్తువును వాడినామనవచ్చు. జపాను భాషలో ఆయన తన సూత్రానికి పెట్టుకొన్న మాటలో కూడ వాడిపోవుట, పండి నిలకడ చెందుట అను రెండు ఛాయలు కలసి ఉన్నవి. ఇంత చక్కగా ఇముడుతుందని తెలియకనే మన భాష ఆయన కొరకు ఒక పదాన్ని సిద్ధంగా ఉంచినది.

1970ల చివరి సంవత్సరాలలో యొకోయి షింకన్‌సెన్ రైలులో ప్రయాణం చేస్తున్నాడు. ఎదుట ఒక ఉద్యోగి విసుగుతో కాలిక్యులేటర్ మీటలను ఊరకే నొక్కుకొంటూ కూర్చున్నాడు. లెక్క ఏదీ కట్టడం లేదు. వ్రేళ్ళకు పని కావలె, అంతే. పెద్దమనిషి పదిమందిలో ఆట ఆడుకొంటే చిన్నతనంగా ఉంటుంది. రెండు చేతుల మధ్య దాగిపోయేంత చిన్నది అయితే ఎవరి కంటా పడదు. కాలిక్యులేటర్ అంత వస్తువులో ఆటను ఎందుకు పెట్టరాదని యొకోయికి తోచినది. తరువాత కొన్నాళ్ళకు అధ్యక్షుని కారు నడిపేవాడు సెలవుపై ఉండగా యొకోయి ఆ కారు నడపవలసి వచ్చినది. దారిలో మాటవరుసకు ఈ సంగతి చెప్పినాడు. యమౌచి విన్నట్లే కనబడలేదు. కాని కొద్ది దినాలలోనే షార్ప్ సంస్థవారు మాట్లాడడానికి క్యోటోకు వచ్చినారు. కాలిక్యులేటర్ల పోటీలో షార్ప్, కాసియో సంస్థలు ఒకరినొకరు నరుక్కొంటూ వెలలు దించుతున్న కాలమది. ఎల్‌సీడీ తెరలు, చిన్న చిప్పులు చవకగా కుప్పపడి ఉన్నవి. వాడిన వస్తువు ఎదురుగా వచ్చి నిలిచినది.

1980 ఏప్రిల్ 28వ తేదీన బాల్ అను మొదటి గేమ్ అండ్ వాచ్ వెలువడినది. వెల 5,800 యెన్లు. ఒక మనిషి బంతులను గాలిలోకి ఎగురవేసి పట్టుకొంటూ ఉంటాడు. ఆడేవాడు వాని చేతులను కుడికి ఎడమకు జరుపవలె. ఒక్క బంతి జారితే ఆట ముగిసినది. ఆట లేని వేళ అది గడియారం. ఇప్పటి ఫోను తెరవలె దానిమీద ఏ బొమ్మనైనా గీయడానికి వీలులేదు. కాలిక్యులేటర్‌లో అంకెల గీతలు ముందే అచ్చుపడి ఉన్నట్లు, ఇందులో మనిషి చేతుల భంగిమలు, బంతి నిలిచే చోట్లు ముందే అచ్చుపడి ఉంటవి. విద్యుత్తు తగిలినది నల్లగా కనబడుతుంది, తక్కినవి మాయమై ఉంటవి. అందువలన బంతి జారుతూ సాగదు, ఒకచోటినుండి మరొకచోటికి టిక్కు టిక్కున దాటుతుంది. ఈ లోపమే ఆటకు తాళం అయినది. వేగం పెరిగేకొద్దీ ఆడేవాని మనస్సు ఆ తాళానికి లోబడిపోతుంది.

1982లో డాంకీ కాంగ్ ఆటను రెండు తెరల గేమ్ అండ్ వాచ్‌గా చేసినప్పుడు యొకోయికి మరొక చిక్కు ఎదురైనది. నాలుగు దిక్కులకు నడపవలె, కాని మూసి జేబులో పెట్టుకొనే వస్తువుమీద నిలువు పిడి అమర్చడానికి వీలులేదు. కూడిక గుర్తు ఆకారంలో ఒకే మీటను పెట్టి, ఏ కొమ్మను నొక్కితే ఆ దిక్కుకు నడిచేటట్లు చేసినాడు. చూడనక్కరలేకుండ బొటనవ్రేలికే దిక్కు తెలుస్తుంది. ఆ గుర్తు తరువాత ఎన్నో సంస్థల ఆట యంత్రాలమీదికి ప్రాకినది. గేమ్ అండ్ వాచ్ వరుస 1991 వరకు సాగి, మొత్తం 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయినవి.

ఈ వరుసకే నలుబది ఏండ్ల తరువాత పునర్జన్మ కలిగినది. 2020 నవంబరులో సూపర్ మారియో పేరుతో, 2021 నవంబరులో జెల్డా పేరుతో నింటెండో కొత్త గేమ్ అండ్ వాచ్‌లను విడుదల చేసినది. ఒక్కొక్కటి 50 డాలర్లు. 2020 నాటి మారకపు రేటున అది సుమారు 3,700 రూపాయలు, దిగుమతి ఖర్చులు అదనం. వస్తువు అందమైనదే. రంగుల తెర, తిరిగి ఛార్జి చేసికొనే బ్యాటరీ, పాతదాని పోలికలోనే బంగారు రంగు పలక. కాని లోపల ఉన్నదేమిటి? ప్రధానమైన మారియో ఆట 1985లో టెలివిజన్‌కు తగిలించుకొనే యంత్రం కొరకు పుట్టినది, చేతి ఆటగా పుట్టినది కాదు. యొకోయి బంతుల ఆట ఒక మూలకు ఉన్నది, బంతులవానికి మారియో తల అతికించినారు. అచ్చుపడిన బొమ్మల టిక్కు టిక్కును రంగుల తెర అభినయించి చూపుతుంది. నిజానికి ఆ తెరకు అట్టి ఇబ్బంది ఏదీ లేదు. పైగా మారియో పలకను 2021 మార్చి చివరి వరకే తయారుచేస్తామని ముందే ప్రకటించి అమ్మినారు. చవకగా కుప్పపడి ఉన్న వస్తువుతో అందరికీ అందే బొమ్మ చేసినవాని పేరుమీద కరవును సృష్టించి అమ్మడం ఎంత విడ్డూరం! చిన్ననాడు అసలు వస్తువును చేత పట్టినవారు జ్ఞాపకం కొరకు కొనుక్కొంటే తప్పు పట్టవలసినది లేదు. జ్ఞాపకమే లేని విద్యార్థి దానిని కొనడం మాత్రం పరాయివారి పెండ్లి ఫోటోలు కొనుక్కొనడం వంటిది. జెల్డా పలక దానికంటె మేలు. 1993 నాటి అసలైన చేతి ఆట ఒకటి అందులో చేర్చినారు.

ఆ 1993 నాటి ఆటకు ఆధారమైన యంత్రమే యొకోయి పేరును చిరస్థాయి చేసినది. ఆయన నడిపిన మొదటి పరిశోధన శాఖ 1989 ఏప్రిల్ 21న జపానులో గేమ్‌బాయ్‌ని విడుదల చేసినది. వెల 12,500 యెన్లు. దీని కీర్తి అంతా యొకోయిదే అనడం న్యాయం కాదు. గేమ్ అండ్ వాచ్ వలె చిన్న బొమ్మగానే దీనిని ఉంచవలెనని ఆయన మొదట తలచినాడు. క్యాసెట్టు మార్చి ఎన్ని ఆటలైనా ఆడుకొనే, ఏండ్ల తరబడి నిలిచే యంత్రం కావలెనని పట్టుబట్టినవాడు ఆయన సహచరుడు సతోరు ఒకాడా. తెర విషయంలోను ముప్పు వచ్చినది. చూచే కోణం కాస్త మారితే బొమ్మ కనబడలేదు, అధ్యక్షుడు పెదవి విరిచినాడు. యొకోయి తిండి నిద్రలు మాని బాధపడినాడు. వేరొక రకపు ఎల్‌సీడీ తెరతో గండం గడిచినది.

అయినను రంగులు పెట్టరాదని, తెర వెనుక దీపం పెట్టరాదని తేల్చిన నిర్ణయం యొకోయిదే. అది మొండితనంగా కనబడినది. అదే సంవత్సరం అటారీ లింక్స్, మరుసటి సంవత్సరం సెగా గేమ్ గియర్ రంగుల తెరలతో వచ్చినవి. పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్‌బాయ్ పాచిపట్టిన పలకవలె ఉండేది. కాని ఆ రంగుల యంత్రాలు ఆరేసి బ్యాటరీలు మింగి నాలుగైదు గంటలలో చేతులెత్తేసేవి. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా ఆడేది, వెల కూడ తక్కువ. బ్యాటరీలు కొనేది తండ్రి డబ్బుతో అని ఆ యంత్రాన్ని చేసినవానికి తెలుసు. గేమ్‌బాయ్, దాని రంగుల తమ్ముడు కలసి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

అమెరికాలో ఆ యంత్రంతోపాటు టెట్రిస్ ఆటను జతచేసి ఇచ్చినారు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన ఆట అది. పైనుండి రాలే ఇటుకలను తిప్పి పేర్చడం తప్ప అందులో కథ లేదు, రంగు అక్కరలేదు. అందుకే ఆ తెరకు అంత చక్కగా ఒదిగినది. గేమ్‌బాయ్ హైదరాబాదులో కొద్దిమంది ఇళ్ళకే చేరినది గాని, దాని నీడ మాత్రం వీధి వీధికి చేరినది. 1990లలో భారతదేశపు బజారులలో బ్రిక్ గేమ్ అను పేరుతో అమ్మిన చవక చైనా పరికరం టెట్రిస్‌కు అనుమతి లేని అనుకరణ. డబ్బాపై 9999 ఆటలు అని ఉండేది, లోపల ఉన్నవి పట్టుమని పదో పదిహేనో. అయినను ఒక తరం పిల్లలు దానిపైననే వ్రేళ్ళు అరగదీసినారు. ముందే అచ్చుపడిన చుక్కల తెర, చవక చిప్పు: యొకోయి మార్గాన్ని ఆయన అనుమతి లేకనే ఎవరో నమ్మకంగా అనుసరించినారు!

గేమ్‌బాయ్ ఆటలను తిరిగి నిర్మించిన తీరులలో మంచి చెడ్డలు రెండును ఉన్నవి. తెలుగు ఉపాధ్యాయునికి ఇది పరిచితమైన సమస్యయే. వావిళ్ళవారు పూర్వకావ్యాన్ని అచ్చువేసినది ఒక పని, తిక్కన భారతాన్ని తెలుగు చేసినది మరొక పని. మొదటిదానికి ఉన్నది ఉన్నట్లు అందించడం ధర్మం, రెండవదానికి ప్రాణం తిరిగి పోయడం ధర్మం. ఈ రెంటికిని నడుమ రంగులు అద్దే పని ఒకటి ఉన్నది. 1936లోనే తెలుగు తెరకెక్కిన కథను 1957లో మాయాబజార్‌గా తీసినప్పుడు జరిగినది పునఃసృష్టి. 2010లో ఆ చిత్రానికే రంగులు వేసి విడుదల చేసినప్పుడు జరిగినది అలంకారం. జెల్డా వరుసలోని లింక్స్ అవేకెనింగ్ ఈ మెట్లన్నీ ఎక్కినది. 1993లో నాలుగు ఛాయల నలుపుతో పుట్టినది, 1998లో రంగులు అద్దించుకొన్నది, 2019లో స్విచ్ యంత్రం కొరకు మొదటినుండి కొత్తగా నిర్మితమైనది. ఈ చివరిదానిలో దీవి అంతయు బొమ్మలకొలువువలె మెరుస్తూ ఉంటుంది. దారులు, చిక్కుముడులు, కథ మాత్రం పాతవే, చెడలేదు. పాతదానిని ఎరుగని పిల్లవాడు సైతం దానిని హాయిగా ఆడగలడు. వెల 60 డాలర్లు అనునదే ఇబ్బంది. 2023 ఫిబ్రవరినుండి పాత గేమ్‌బాయ్ ఆటలు కొన్ని నింటెండో చందాదారులకు దొరుకుతున్నవి. స్విచ్ యంత్రం ఇదివరకే ఇంటిలో ఉన్నవారు ముందు పాతదానిని ఆడి, ఆ పిమ్మట కొత్తదాని మాట ఆలోచించడం మేలు.

యొకోయి స్వయంగా నిర్మాతగా ఉన్న మెట్రాయిడ్ రెండవ ఆట కథ వేరు. 1991 నాటి ఆ ఆటలో చిన్న తెరమీద నాయిక బొమ్మ పెద్దది, చుట్టూ కనబడే జాగా కొంచెం, పటం లేదు. ఆడేవాడు గుహలో నిజంగా దారితప్పుతాడు. 2017లో దానిని తిరిగి నిర్మించినవారు పటం ఇచ్చినారు, వెలుగు ఇచ్చినారు, శత్రువు మీదికి దూకగానే తిప్పికొట్టే ఉపాయం ఇచ్చినారు. ఆట సుఖమైనది, భయం పోయినది. లోపాలను సవరించే వేళ ఏది లోపమో ఏది గుణమో తెలియకుంటే ఇట్లే అవుతుంది.

పోకెమాన్ విషయంలో మాత్రం పునర్నిర్మాణం అవసరమే అయినది. 1996 ఫిబ్రవరిలో సతోషి తజిరి బృందం ఆ ఆటను విడుదల చేసినప్పుడు గేమ్‌బాయ్ ఏడేండ్ల ముసలిది. రెండు యంత్రాలను తీగతో కలిపి ఇద్దరు పిల్లలు తమ జంతువులను ఇచ్చిపుచ్చుకొనడమే ఆ ఆటకు ఆయువుపట్టు. ఆడినంతవరకు గుర్తుంచుకొనడానికి పాత క్యాసెట్టులో ఒక చిన్న గుండీ బ్యాటరీ ఉంటుంది. ఏండ్లు గడచి అది చచ్చిపోతే, ప్రోగుచేసిన జంతువులన్నీ పోతవి. 2004లో వచ్చిన పునర్నిర్మాణంలో బ్యాటరీ లేకనే జ్ఞాపకం నిలిచే చిప్పు పెట్టినారు, తీగ స్థానంలో తీగలేని జోడింపు ఇచ్చినారు. పిల్లలిద్దరు ఎదురెదురుగా కూర్చొనే అవసరాన్ని మాత్రం తీసివేయలేదు. కొనదగిన దానికి ఇది మంచి ఉదాహరణ.

యొకోయి తన సూత్రాన్ని తానే తప్పి దెబ్బతిన్న ఘట్టం ఒకటి చెప్పవలసి ఉన్నది. 1995 జూలైలో వర్చువల్ బాయ్ వెలువడినది. కండ్లకు ఆనించి లోపలికి తొంగిచూస్తే ఎర్రని గీతలతో లోతుగల బొమ్మలు కనబడే యంత్రం. ఎర్ర దీపాలే చవక కనుక ఎరుపు తప్ప వేరు రంగు లేదు. వస్తువు వాడినదే, కాని అది పోయి చేరవలసిన చోటు ఏర్పడలేదు. జేబులో పట్టదు, రైలులో ఆడరాదు, పక్కవానికి చూపరాదు. కాసేపటికే కండ్లు, మెడ నొప్పిపుట్టేవి. ఎనిమిది లక్షలకు లోపే అమ్ముడై, సంవత్సరం తిరగకముందే మూతపడినది. చిత్రమేమనగా ఆ ఓటమికి సైతం 2025 సెప్టెంబరులో నింటెండో పునర్జన్మ ప్రకటించినది. సుమారు 100 డాలర్లకు ప్లాస్టిక్ ప్రతిరూపం, సుమారు 25 డాలర్లకు అట్టతో చేసిన ప్రతిరూపం. రెంటిలో ఏది ఆయన పద్ధతికి దగ్గరో ఇంతవరకు చదివినవారు ఊహించగలరు.

1996 జూలైలో గేమ్‌బాయ్‌ని సన్నగిల్లజేసి గేమ్‌బాయ్ పాకెట్ అను రూపంలో అందించి, ఆగస్టు 15న ముప్పది ఒక్క సంవత్సరాల కొలువునుండి యొకోయి సెలవు తీసికొన్నాడు. వర్చువల్ బాయ్ వైఫల్యమే కారణమని పత్రికలు వ్రాసినవి. ఆయన ఆ మాట అంగీకరించలేదు. క్యోటోలోనే కోటో అను చిన్న పరిశోధనశాల స్థాపించి, బండాయ్ సంస్థ కొరకు వండర్‌స్వాన్ అను కొత్త చేతి యంత్రం తయారీలో పాలుపంచుకొన్నాడు. 1997 అక్టోబరు 4వ తేదీన హొకురికు రహదారిలో ఆయన ప్రయాణిస్తున్న కారు ముందరి లారీని స్వల్పంగా తాకినది. దెబ్బ ఎంతటిదో చూడడానికి క్రిందికి దిగినాడు. వెనుకనుండి వచ్చిన మరొక కారు ఢీకొట్టినది. అప్పటికి ఆయన వయస్సు 56 ఏండ్లు. అంతర్జాతీయ ఆట నిర్మాతల సంఘం 2003లో జీవితకాల సాఫల్య పురస్కారాన్ని మరణానంతరం ఆయనకు ప్రకటించినది. క్యోటో సమీపంలోని ఉజిలో, పూర్వం హనాఫూడా ముక్కలు తయారైన కర్మాగారంలో, 2024 అక్టోబరు 2న నింటెండో వస్తుప్రదర్శనశాల తెరచినది. అక్కడ లవ్ టెస్టర్‌ను, గేమ్ అండ్ వాచ్‌ను మనిషంత పెద్దవిగా చేసి సందర్శకుల చేత ఆడిస్తున్నారు. అవి పునర్నిర్మాణాలే గాని అమ్మకానికి కావు.

వండర్‌స్వాన్ 1999 మార్చిలో జపానులో విడుదలైనది. వెల 4,800 యెన్లు. రంగులు లేవు, బ్యాటరీ ఒక్కటే. దానిమీద వచ్చిన ఒక ఆటకు ఆయన పేరే పెట్టినారు. వంకర గీతలున్న గడులను పైకి క్రిందికి జరిపి, ఎడమ అంచునుండి కుడి అంచువరకు ఒకే గీతగా కలపడం ఆ ఆట. 2006లో గన్‌పే ఆటను సైతం మరి రెండు చేతి యంత్రాల కొరకు తిరిగి నిర్మించినారు. ఈసారి రంగులు వచ్చినవి, సంగీతం వచ్చినది, వెనుక దృశ్యాలు కదలాడినవి. గీత ఒక గడిలో తెగితే మాత్రం, పాతదానిలో వలెనే, ఆడేవాడు ఆ గడిని వెదకి జరుపవలసినదే.